బోస్, తే తారిక్ సాతు! – మలేషియా మామక్ కొట్టు జ్ఞాపకాలు

పిండి స్టీలు బల్ల మీద పడి ఠప్‌మనే చప్పుడు ముందు గుర్తొస్తుంది. తర్వాత ఒక మగ్గులోంచి ఇంకో మగ్గులోకి సాగిపడే టీ. ఆ వెనకాల ఎక్కడో ఇనప మూకుడుకి గరిట తగిలే మోత. మలేషియాలో నాలుగేళ్ళుండి వచ్చినవాళ్ళని కదిపి చూడండి. పెట్రోనాస్ జంట భవనాల గురించి రెండు ముక్కలు చెప్పి, తాము ఉన్న కాలనీ మూల మీది మామక్ కొట్టు అనే టీ, భోజనాల అంగడి దగ్గర ఆగిపోతారు.

కాలనీని అక్కడ తామాన్ అంటారు. తామాన్ అన్నాక ఒక అంగళ్ళ వరస ఉంటుంది. ఆ వరస చివర రెండు వైపులా వీధికి తెరుచుకునే మూల కొట్టు చాలాచోట్ల మామక్‌దే. రెండు పక్కలా గోడ లేకపోవడంతో గాలి ఆడుతుంది, ఎండలో నడిచొచ్చినవాడికి ప్రాణం లేచొస్తుంది. అంగళ్ళ ముందు నడవడానికి వదిలిన వసారాని కాకి లీమా అంటారు, అంటే ఐదడుగులు అని అర్థం. పగలు బల్లలు అక్కడిదాకానే. పొద్దు వాలాక కార్లు ఆపే జాగాలోకి కూడా వచ్చేస్తాయి. ప్లాస్టిక్ కుర్చీలు, పైన గిర్రున తిరిగే ఫ్యాన్లు, గోడకి పెద్ద టీవీ, వెనక చేతులు కడుక్కునే తొట్టి. వారాంతపు రాత్రుళ్ళు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆట ఉంటే కుర్చీ దొరకడం కష్టం. రంజాన్ నెలలో తెల్లవారుజామున మూడున్నరకి వెళ్ళినా సహర్ భోజనానికి వచ్చినవాళ్ళతో కొట్టు కిటకిటలాడుతుంటుంది.

మామక్ అన్న మాట తమిళ ‘మామా’ నుంచి వచ్చింది. మన మామే. రామనాథపురం, తిరునెల్వేలి వైపు నుంచి సముద్రం దాటి వెళ్ళిన తమిళ ముస్లింలు పెట్టిన భోజనశాలలివి. అందుకే మొదటిరోజు వెళ్ళిన తెలుగువాడికి కూడా అక్కడ సగం వాసనలు తెలిసినవే. కరివేపాకు పోపు, మెంతులు, చింతపండు పులుసు, కొబ్బరిపాలు. మిగతా సగం తెలియనివి. ఎండు రొయ్యల ముద్ద, తీపి సోయా, నిమ్మకాయ కంటే చిన్నగా ఉండే లీమావ్ కస్తూరి అనే పచ్చకాయ. ఈ రెండు సగాలూ ఒకే పళ్ళెంలో కలవడమే ఆ కొట్టు రుచి. ఇంటికొచ్చాక అది చెయ్యబోయి కుదరక వదిలేసేవాళ్ళు చాలామంది. వస్తువులు దొరక్క చెడేది తక్కువ. ఎక్కువగా చెడేది ఆగాల్సినచోట ఆగకపోవడం వల్ల.

రోటీ చానాయ్ అందుకు మంచి ఉదాహరణ. చానాయ్ అన్న పేరు చెన్నై నుంచి వచ్చిందని కొందరంటారు, పిండిని పలచగా సాగదీయడాన్ని మలయ్‌లో చానాయ్ అంటారు కాబట్టి అదే మూలమని ఇంకొందరంటారు. సింగపూర్‌లో దీన్నే ప్రాటా అంటారు. మన చిత్తూరు, నెల్లూరు వైపు దొరికే పరోటాకి ఇది దగ్గరి చుట్టం, కానీ అదే కాదు. పరోటా పొరలు మందంగా, నమిలితే సాగేలా ఉంటాయి. చానాయ్ పైన కరకరలాడుతూ, లోపల పలచని పొరల మధ్య గాలి నిండి ఉంటుంది.

అరకిలో మైదాకి ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల పంచదార, ఒక పెద్ద చెంచా కండెన్స్‌డ్ మిల్క్, రెండు పెద్ద చెంచాల కరిగించిన నెయ్యి, 270 నుంచి 280 మిల్లీలీటర్ల నీళ్ళు. నీళ్ళలో ఉప్పు, పంచదార, పాలు ముందే కలిపేసి పిండిలో పొయ్యాలి. పది నిమిషాలు పిసికి, అరగంట మూతపెట్టి ఉంచి, మళ్ళీ ఐదు నిమిషాలు పిసకాలి. అప్పటికి పిండి చెవి తమ్మెలా మెత్తగా ఉండాలి. చపాతీ పిండిలా గట్టిగా ఉందంటే నీళ్ళు చాలలేదన్నమాట. ఇక్కడే చాలామంది భయపడి పొడిపిండి చల్లుతారు. చల్లకూడదు. చేతికి అంటుకుంటుంటే నూనె రాసుకోవాలి.

ఎనిమిది ఉండలు చెయ్యండి, ఒక్కోటి వంద గ్రాముల చొప్పున వస్తుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పిండిని పైకి పిండి, కింద పిలక తెంపితే ఉండ నున్నగా వస్తుంది. ప్రతి ఉండకీ నెయ్యి గాని వనస్పతి గాని దట్టంగా పట్టించి, నూనె పోసిన పళ్ళెంలో పక్కపక్కన పేర్చి మూత పెట్టాలి. మామక్ కొట్టులో పొద్దున వేసే రోటీకి పిండి ముందురోజు సాయంత్రమే సిద్ధమైపోతుంది. మన ఎండల్లో బయటైతే కనీసం ఐదారు గంటలు. రాత్రంతా ఉంచాలంటే ఫ్రిజ్‌లో పెట్టి, చేసే ముందు రెండు గంటలు బయట ఉంచాలి. చల్లటి ఉండని సాగదీస్తే చిరిగిపోతుంది. పిసికినప్పుడు మైదాలో జిగురు బిగుసుకుంటుంది, నానేకొద్దీ సడలుతుంది. పైన నూనె లేకపోతే ఉండ చుట్టూ పొర ఎండి, సాగేటప్పుడు ఆ ఎండిన చోటే పగులుతుంది. గంట నానబెట్టి చేసినవాడి రోటీ పెనం మీద కుంచించుకుపోయి బిళ్ళలా అవుతుంది. తప్పు చేతిది కాదు, గడియారానిది. కొందరు గుడ్డు కూడా కలుపుతారు. కలిపినా ఒకటికి మించొద్దు, పిండి సాగదీసినకొద్దీ వెనక్కి లాక్కుంటుంది.

ఇక ఆ విసురు. చూడ్డానికి గారడీలా ఉంటుంది గానీ అందులో బలం ఉపయోగించేది తక్కువ. ఉండని నూనె రాసిన బల్ల మీద అరచేత్తో గిన్నెంత వెడల్పుకి అదుముతారు. ఒక చెయ్యి అరచెయ్యి పైకి, ఇంకో చెయ్యి అరచెయ్యి కిందికి పెట్టి రెండు అంచులు పట్టుకుని, ఎత్తి, దూరంగా ఉన్న అంచు ముందు బల్లకి తగిలేలా వేస్తారు. పిండి తన బరువుకి తనే సాగుతుంది. ఐదారు విసుర్లకి అవతల ఉన్న చెయ్యి కనపడేంత పలచనవుతుంది. ఇంట్లో విసరడం రాకపోయినా నష్టం లేదు. గ్రానైట్ గట్టు మీద నూనె రాసి, మధ్యనుంచి అంచులవైపు అరచేత్తో తోసి, ఆపైన అంచుల్ని చుట్టూ కొద్దికొద్దిగా లాగండి. చిన్న చిరుగులు పడితే పట్టించుకోవద్దు, మడతలో కలిసిపోతాయి. పట్టించుకోవాల్సింది అంచు. అది మందంగా మిగిలిపోతే ఎంత కాల్చినా లోపల పచ్చిగా ఉంటుంది. దాన్ని లాగి పలచన చెయ్యాలి, లేదా తెంపి పారెయ్యాలి.

పరిచిన పొర మీద కాసింత నెయ్యి చిలకరించి, రెండు వైపులా మధ్యకి మడిచి, మిగిలిన రెండు కొసలూ లోపలికి పెడితే చదరం. తాడులా పోగుచేసి చుట్ట చుట్టి, పది నిమిషాలాగి చేత్తో వత్తితే గుండ్రం. మడిచేటప్పుడు గట్టిగా అదమకూడదు, లోపలున్న గాలే పొరలుగా మారుతుంది. పెనం మీద నీటిచుక్క చిందులు తొక్కి ఆవిరయ్యే వేడి చాలు. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. పొగలు కక్కే పెనం మీద పైన మాడుతుంది, లోపల పిండిగానే ఉంటుంది. దించగానే అసలు పని ఉంది. రెండు మూడు రోటీలు ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండు అరచేతులతో పక్కలనుంచి చప్పట్లు కొట్టినట్టు నలపాలి. పొరలు విచ్చుకుంటాయి. చల్లారాక నలిపితే విరుగుతాయి తప్ప విచ్చుకోవు.

ఇదే పిండితో కొట్టులో పది రకాలు. పొర మీద గుడ్డు, ఉల్లిపాయ ముక్కలు పరిచి మడిస్తే రోటీ తెలూర్. ఉల్లిపాయ ఒక్కటే అయితే బావాంగ్, అరటిపండు అయితే పీసాంగ్. చిన్న చుట్టగా మందంగా చుట్టి, పంచదార, వెన్నతో కాల్చేది రోటీ బోమ్. పిల్లలు చూపించి మరీ అడిగేది రోటీ తీసూ, అప్పడంలా పలచగా కాల్చి, వేడి మీదే గోపురంలా నిలబెట్టి, పంచదార, కండెన్స్‌డ్ మిల్క్ జార్చి తెస్తారు. ఏదీ కలపనిది కోసోంగ్. కోసోంగ్ అంటే ఖాళీ, సున్నా. ఆ మాట టీకి కూడా పనికొస్తుంది, పంచదార లేకుండా అని.

రోటీతో వచ్చే పప్పుని మన సాంబారు అనుకుని చేస్తే చెడుతుంది. అందులో సాంబారు పొడి లేదు, చింతపండు లేదు. ఒక కప్పు కందిపప్పు, ఒక బంగాళాదుంప, సగం క్యారట్, పసుపు, రెండు పచ్చిమిర్చి, నాలుగు కప్పుల నీళ్ళు. మెత్తగా ఉడికాక దుంప సగం మెదిపి, సగం ముక్కలుగా వదలాలి. చిన్న ఉల్లిపాయలు ఎర్రగా వేగేదాకా ఆగి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో తిరగమోత. గరిటె ఎత్తితే ముద్దలుగా కాక ధారగా పడాలి. చల్లారితే ఎలాగూ చిక్కబడుతుంది, రోటీ పీల్చుకోడానికి ఆ పలచదనం కావాలి. స్టీలు పళ్ళెంలో ఒక గుంటలో పప్పు, ఒక గుంటలో చేపల పులుసు, మూడోదాంట్లో ఒక చెంచా సంబల్ అనే ఎండుమిర్చి ముద్ద. మూడూ కలిపి రోటీ ముక్కల మీద పోయించుకునేవాళ్ళు ‘బాంజిర్’ అంటారు. వరద అని అర్థం. ఆ మాట వినగానే కొట్టువాడు రోటీని చింపి ముక్కలు చేసి ముంచేస్తాడు.

వరద అన్న మాటకి అసలు చోటు నాసీ కందార్. నాసీ అంటే అన్నం. కందార్ అంటే భుజం మీద మోసే కర్ర, దానికి రెండు చివర్లా వేలాడే బుట్టలు. ఒక్క మాటలో చెప్పాలంటే కావడి. పినాంగ్ రేవులో కూలీలకి ఒక బుట్టలో అన్నం, ఇంకో బుట్టలో కూరలు పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్మిన కావడి అన్నమిది. పెరుగు కావళ్ళూ నీళ్ళ కావళ్ళూ తెలిసిన తెలుగువాళ్ళకి ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం. కావడి పోయి కొట్టు వచ్చినా పేరు మాత్రం ఉండిపోయింది. పినాంగ్‌లో 1907 నుంచి నడుస్తున్న హమీదియా ఆ పాతకాలపు కొట్లలో ఒకటి.

అద్దాల వెనక కూరలు వరసగా ఉంటాయి. వేయించిన కోడి, చేప తల పులుసు, చేప గుడ్లు, రొయ్యలు, స్క్విడ్, మాంసం, బెండకాయ, క్యాబేజీ, ఉడికించిన గుడ్డు. అన్నం పెట్టించుకుని, కూర చూపించి, ఆఖర్న ‘కువా చాంపూర్’ అనాలి. అన్ని పులుసులూ కలిపి అని. గరిటె పట్టుకున్నవాడు నాలుగైదు గిన్నెల మీదుగా చెయ్యి ఆడించి ఒక్కో గిన్నెలోంచి కొంచెం కొంచెం పోస్తాడు. చూసేవాళ్ళకి ఇది ఎంగిలి కలిపినట్టుగా అనిపించొచ్చు. కానీ అందులో లెక్క ఉంది. చేపల పులుసు పులుపు ఇస్తుంది. కుర్మా కొబ్బరి, సోంపుల చల్లదనం ఇస్తుంది. నల్లటి సోయా కూర తీపి ఇస్తుంది. కోడికూర కారం, నూనె ఇస్తుంది. ఏ ఒక్కటీ విడిగా పూర్తి రుచి కాదు. విడిగా తింటే చేపల పులుసు పుల్లగా, సోయా కూర తియ్యగా తేలిపోతాయి. అందుకే ఇంట్లో ఒక్క కోడికూర వండుకుని అన్నం మీద పోసుకుని ‘ఆ రుచి రాలేదు’ అనుకోవడం. కనీసం మూడుండాలి.

పులుసుకి చెరువు చేప కంటే సముద్రపు చేప తల మంచిది, వంజరం, పండుగప్ప ఏదైనా. మెంతులు, ఆవాలు, జీలకర్ర, సోంపు నూనెలో చిటపటలాడాక కరివేపాకు, ఉల్లి, వెల్లుల్లి, కారం, ధనియాల పొడి. పొడులని పొడిగా వెయ్యకుండా నీళ్ళలో ముద్దగా కలిపి వేస్తే మాడవు, నూనె పైకి తేలేదాకా నిదానంగా వేగుతాయి. నిమ్మకాయంత చింతపండు, బెండకాయలు, ఒక టమాటా, ఆఖర్న అరకప్పు కొబ్బరిపాలు. కొబ్బరిపాలు పోశాక తెర్లనిస్తే విరుగుతుంది. నల్ల కూరకి కిలో కోడిని పసుపు, ఉప్పు పట్టించి ముందు వేయించుకోవాలి. దాల్చినచెక్క, అనాసపువ్వు, ఉల్లిపాయలు బాగా వేగాక కిచాప్ మానిస్ అనే తీపి సోయా నాలుగు పెద్ద చెంచాలు, కప్పు నీళ్ళు. మామూలు సోయా వేసి పంచదార కలిపితే ఉప్పెక్కువవుతుంది. తప్పనిసరైతే రెండు చెంచాల సోయాకి రెండు చెంచాల బెల్లం పాకం. మూడోది మీ ఇంట్లో రోజూ చేసే కోడికూరే, కాస్త పలచగా. పళ్ళెంలో పోసేటప్పుడు కలపకండి. పక్కపక్కనే పోసి, చేత్తో తింటున్నప్పుడు కలవనివ్వండి.

గొడ్డు మాంసం తినని తెలుగువాళ్ళు ‘కువా చాంపూర్’ అనే ముందు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ఆ కలయికలో దాగింగ్, అంటే గొడ్డు మాంసం, పులుసు కూడా ఉంటుంది. ‘కువా దాగింగ్ తా మావ్’ అంటే ఆ గిన్నె వదిలేస్తారు. శాకాహారులు అంతకంటే జాగ్రత్త పడాలి. సంబల్‌లో ఎండు రొయ్యల ముద్ద ఉంటుంది, రోటీ పిండిలో గుడ్డు ఉండొచ్చు, పప్పు గరిటే చేపల పులుసులోకి వెళ్ళొచ్చు. అడిగితే విసుక్కోరు, వేరే గరిటె తీసి పోస్తారు. కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్ లాంటిచోట అరిటాకు భోజనం పెట్టే తమిళ హోటళ్ళు పక్కనే ఉంటాయి కాబట్టి అంత నిష్ఠ ఉన్నవాళ్ళకి అదే మేలు.

అన్నాల్లో ఇంకొకటి, కొట్టు గల్లాపెట్టె పక్కన చిన్న చిన్న గోపురాల్లా పేర్చి ఉండే నాసీ లెమాక్ పొట్లాలు. అరిటాకు లోపల, కాగితం బయట. రెండు కప్పుల బియ్యానికి ఒక కప్పు చిక్కటి కొబ్బరిపాలు, రెండున్నర కప్పుల నీళ్ళు, ఉప్పు, అల్లం ముక్క, ముడివేసిన రెండు పాండన్ ఆకులు. పాండన్ మన మొగలి జాతి మొక్కే, వాసన పువ్వులో కాక ఆకులో ఉంటుంది. కొబ్బరిపాలు అడుగుకి చేరి మాడతాయి కనక సగం ఉడికాక ఒకసారి మెల్లగా కలపాలి. వేయించిన నెత్తళ్ళు, వేరుశనగ గుళ్ళు, దోసకాయ చక్రాలు, సగం గుడ్డు, సంబల్. నెత్తళ్ళు కడిగితే పూర్తిగా ఆరాకే వేయించాలి, తడి ఉంటే మెత్తబడిపోతాయి.

సంబల్ గురించి తొందరపడకూడదు. పాతిక ఎండుమిర్చి గింజలు దులిపి వేడినీళ్ళలో నానబెట్టి, పది చిన్న ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి, కాల్చిన బెలాచాన్ ఒక చెంచాతో మెత్తగా రుబ్బాలి. బెలాచాన్ అంటే చిన్న రొయ్యల్ని ఉప్పుతో పులియబెట్టి ఆరబెట్టిన ముద్ద. దొరక్కపోతే దోరగా వేయించిన రొయ్యపొట్టు పొడి ఒక పెద్ద చెంచా. పులిసిన ఘాటు రాదు గానీ దగ్గరికొస్తుంది. అరకప్పు నూనెలో సన్నసెగన పాతిక, ముప్ఫై నిమిషాలు. మలయ్‌వాళ్ళు ‘పెచా మిన్యాక్’ అంటారు, నూనె విడిపోయేదాకా అని. మన అమ్మలు పచ్చడికీ, పులుసుకీ చెప్పే మాటే. పదినిమిషాలకే దించితే మిరప పచ్చివాసన మిగిలి, తిన్నాక కడుపులో మంట. నూనె తేలాక చింతపండు పులుసు రెండు పెద్ద చెంచాలు, గులా మెలాకా అనే కొబ్బరి బెల్లం రెండు చెంచాలు. తాటిబెల్లం అయినా బాగుంటుంది. ఆఖర్న నాలిక మీద ముందు తీపి, వెనక కారం తగలాలి. తీపి వెయ్యకపోతే అది మన ఎండుమిర్చి కారంలాగే ఉంటుంది, సంబల్ కాదు.

మీ గోరెంగ్ అంటే వేయించిన నూడుల్స్. దానికి చెప్పాల్సింది ఒక్కటే. మూకుడులో ఒకసారి ఒక్క పళ్ళేనికి సరిపడానే వెయ్యాలి. పసుపుపచ్చ నూడుల్స్, వేయించిన టోఫు, ఉడికించిన దుంప ముక్కలు, మొలకలు, మిరప ముద్ద, టమాటా సాస్, సోయా, గుడ్డు, ఎంత మంట ఉంటే అంత మంట. ముగ్గురికి కలిపి ఒకేసారి వేస్తే మూకుడు చల్లబడి, మొలకలు నీళ్ళు వదిలి, అంతా ఉడికిన ముద్ద అవుతుంది. తినే ముందు లీమావ్ కస్తూరి పిండుకోవాలి, మన నిమ్మచెక్క అయినా సరే. అది మర్చిపోతే ఆ తీపి కారం నోట్లో బరువుగా ఉండిపోతుంది. మ్యాగీ గోరెంగ్‌కీ ఇదే పద్ధతి, నూడుల్స్‌ని నిమిషానికి మించి ఉడికించకుండా.

ఇన్ని చెప్పినా, జనం ఆ కొట్టుకి వెళ్ళేది సగం టీ కోసమే. తే తారిక్ అంటే లాగిన టీ. మన టీ కొట్లలో కూడా ఎత్తునుంచి పోస్తారు, కానీ అది చల్లార్చి కలపడానికి. ఇక్కడ పోయడమే వంట. రెండు గ్లాసులకి నాలుగు చెంచాల డస్ట్ టీపొడి, నాలుగువందల మిల్లీలీటర్ల మరిగే నీళ్ళు, గుడ్డ సంచిలో నాలుగైదు నిమిషాలు. పాలలో కాచకూడదు. కషాయం ఎర్రటి నలుపులోకి వచ్చి, ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే వగరుగా పట్టేయాలి, ఎందుకంటే కండెన్స్‌డ్ మిల్క్ ఆ వగరుని సగం మింగేస్తుంది. గ్లాసుకి రెండున్నర నుంచి మూడు పెద్ద చెంచాల కండెన్స్‌డ్ మిల్క్, ఒక చెంచా ఎవాపొరేటెడ్ మిల్క్ అనే తీపి లేని చిక్కటి డబ్బా పాలు. విడిగా పంచదార వద్దు. రెండు మగ్గులూ ముందు వేడినీళ్ళతో కడిగి వెచ్చబెట్టండి, చల్లటి మగ్గులో రెండు విసుర్లకే టీ చల్లారిపోతుంది. పై చెయ్యి ఎత్తుతూ కింది చెయ్యి దించుతూ ఆరేడుసార్లు లాగాలి. కొట్టువాడు మీటరు ఎత్తు లాగుతాడు, ఇంట్లో అరమీటరు చాలు. ధార సన్నగా, వేగంగా ఉండాలి. నిదానంగా ఒంపితే గాలి చేరదు, నురగ రాదు. లీఫ్ టీతో చేసినా, తాజా పాలు పోసినా తియ్యటి పాలలాగా ఉంటుంది తప్ప ఇది రాదు. తాజా పాలు దొరకడమూ, నిలవ ఉండడమూ కష్టమైన ఆ ఉక్కలో డబ్బా పాలే అలవాటై, ఆ రుచే టీ రుచిగా స్థిరపడింది.

చెప్పే పద్ధతి తెలిస్తే కావలసిన టీ దొరుకుతుంది. తీపి తక్కువ కావాలంటే ‘కురాంగ్ మానిస్’. పాలు వద్దంటే ‘తే ఓ’, ఆ ఓ అన్నది హొక్కియన్ చైనావాళ్ళ మాట, నలుపు అని. అల్లం వేస్తే ‘తే హాలియా’, నిమ్మ వేసి ఐసు వేస్తే ‘తే ఓ ఐస్ లీమావ్’. ఒకటి సాతు, రెండు దువా. పిలవడానికి బోస్, ఆనే, మాచా ఏదైనా చెల్లుతుంది. ‘అన్నా’ అని పిలిచినా తలతిప్పి చూస్తారు. ఒకే బల్ల దగ్గర ఒకరు తమిళం, ఒకరు మలయ్, ఒకరు కాంటనీస్ మాట్లాడుతుంటే ముగ్గురికీ ఒకే రకం పళ్ళేల్లో తిండి వస్తుంది. పెరాక్ రాష్ట్రంలోని బాగాన్ దాతుక్ వైపు రబ్బరు, కొబ్బరి తోటలకి ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాల మనవలు, మునిమనవలు కూడా ఈ బల్లల దగ్గరే కూర్చుంటారు. సైబర్‌జాయాకి కంప్యూటర్ ఉద్యోగాలకొచ్చిన తెలుగువాళ్ళు పక్క బల్ల దగ్గర. 2024లో యునెస్కో నాసీ లెమాక్, రోటీ చానాయ్, తే తారిక్‌లతో కూడిన మలేషియా పొద్దుటి ఫలహారపు సంస్కృతిని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపులో ఒక భాగం ఇలా అందరూ ఒకేచోట కూర్చోవడానికి దక్కింది.

కొన్ని మారాయి. 2019 జనవరి 1 నుంచి తిండిచోట్ల పొగ తాగడం నిషేధించాక, ఆరుబయట బల్లల దగ్గర టీ వాసన శుభ్రంగా వస్తోంది. 2020 మార్చి 18న కరోనా వల్ల కదలికలపై ఆంక్షలు మొదలైనప్పుడు, రాత్రీ పగలూ తెరిచి ఉండే ఆ కొట్లలో కుర్చీలు బల్లల మీదికెక్కాయి. అప్పట్లో ఇంటికి పొట్లాలు కట్టివ్వడం తప్ప కూర్చోబెట్టేవాళ్ళు కాదు. ఆ రోజులు చూసినవాళ్ళకి ఖాళీ కాకి లీమా ఇప్పటికీ కళ్ళలో ఉంటుంది. తర్వాత కొన్ని కొట్లు అర్ధరాత్రికే కట్టెయ్యడం మొదలుపెట్టాయి. బల్లకి అంటించిన క్యూఆర్ గుర్తు చూసి ఫోన్లో చెప్పాల్సిన కొట్లూ వచ్చాయి. అలాంటిచోట ‘కురాంగ్ మానిస్’ అనడానికి మనిషి దొరకడు, రుచి సరిచేసుకునే వీలు అక్కడ పోతుంది. మనిషి వచ్చి నిలబడి అడిగే కొట్టు దగ్గర్లో ఉంటే దానికే వెళ్ళండి.

లేచే ముందు ‘బోస్, కిరా’ అంటే లెక్క చూడమని. వచ్చినవాడు బల్ల మీద పళ్ళేలు, గ్లాసులు ఒకసారి చూసి, కాగితం మీద అంకె వేసిచ్చేస్తాడు. చేప గుడ్లు, పెద్ద రొయ్యలు పెట్టించుకున్న రోజు ఆ అంకె పెరుగుతుంది కాబట్టి కొత్తవాళ్ళు వడ్డించేటప్పుడే ధర అడగడం మంచిది.

ఇంటికి పట్టుకెళ్ళాలంటే ‘బుంగ్కుస్’, లేదా చైనావాళ్ళ మాటలో ‘తాపావ్’. పూర్వం ఖాళీ అయిన కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా మూతకి చిల్లు పెట్టి, తాడు కట్టి, అందులో కాఫీ, టీ పోసిచ్చేవాళ్ళు. డబ్బా అడుగున అంటుకున్న పాలు కూడా కలిసి ఆఖరి గుక్క తియ్యగా ఉండేది. తర్వాత ప్లాస్టిక్ సంచి వచ్చింది. దాన్ని నిండా పోసి మూతి మొత్తం బిగించకుండా, ‘ఈకాత్ తెపి’ అని చెప్పాలి, పక్కకి కట్టమని. రబ్బరుబ్యాండు ఒక మూలన పడుతుంది, రెండో మూల స్ట్రా పెట్టుకోడానికి తెరిచే ఉంటుంది. తే ఐస్ అయితే ఐసు తక్కువ వెయ్యమనండి, ఇల్లు చేరేలోగా కరిగి పలచనైపోతుంది. సంచిని వేలికి తగిలించుకుని నడవాలి. బండి హ్యాండిలుకి తగిలిస్తే మొదటి గతుకులోనే స్ట్రా పక్కనుంచి టీ చిమ్ముతుంది.